అవుట్ సరే, న్యాయం మాటేమిటి?

క్రికెట్‌లో ఒక ఆటగాడు వివాదాస్పదంగా అవుటైన రోజున మన మొహల్లాల్లో జరిగే చర్చ మీరూ వినే ఉంటారు. మస్జిద్ మెట్ల దగ్గర, టీ కొట్ల ముందు, కాలేజీ హాస్టళ్ళలో, చివరకు ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు కూడా అదే మాట. "రూల్లో ఉంది కదా, తప్పేముంది?" అంటాడొకడు. "రూల్లో ఉంటే మాత్రం అలా గెలుస్తారా?" అంటాడు మరొకడు. ఇద్దరూ తమకు తెలియకుండానే చాలా పాత ప్రశ్నను ముందుకు తెస్తున్నారు. చట్టం అనుమతించిన ప్రతి పనీ ధర్మమేనా? హక్కు ఉన్నంత మాత్రాన దాన్ని చివరి పైసా వరకు వసూలు చేసుకోవలసిందేనా?

ఈ ప్రశ్న మైదానంలో పుట్టింది కాదు. బాకీ వసూళ్ళలో, అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో, యజమానికీ పనివాడికీ మధ్య రోజూ తలెత్తేదే. కాకపోతే ఇతర చోట్ల అది నాలుగు గోడల మధ్య జరుగుతుంది. మైదానంలో కోట్లమంది కళ్ళెదుట, కొన్ని క్షణాల్లో జరిగిపోతుంది. మన పిల్లలు దాన్ని చూస్తున్నారు, దాన్నుంచి నేర్చుకుంటున్నారు. అందుకే ఈ విషయాన్ని కాస్త నిదానంగా పరిశీలించడం అవసరమని మేము భావిస్తున్నాం.

ఆటకూ ధర్మానికీ సంబంధం ఉందా?

"ఆటే కదా, ఇందులోకి దీన్ ఎందుకు?" అని కొందరంటారు. దైవప్రవక్త (సఅసం) జీవితంలో పోటీలు ఉన్నాయి. ఆయన హజ్రత్ అయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, చాలాకాలం తర్వాత మరోసారి ఆయన గెలిచారు. మదీనాలో గుర్రాల పోటీలు జరిగేవి. వాటి గురించి సహీహ్ బుఖారీలో వచ్చిన ఉల్లేఖనంలో ఒక చక్కని విషయం ఉంది. శిక్షణ ఇచ్చి ఒళ్ళు తేల్చిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియతుల్ విదా వరకు దూరం నిర్ణయించారు. శిక్షణ లేని గుర్రాలకు సనియతుల్ విదా నుంచి బనీ జురైఖ్ మస్జిద్ వరకు, అంటే అంతకంటే తక్కువ దూరం పెట్టారు. మొదలు ఎక్కడో, ముగింపు ఎక్కడో ముందే తెలుసు. ఎవరు ఎవరితో పోటీపడాలో కూడా తెలుసు. ఆటలోనైనా సరే, బలాబలాలు చూసి న్యాయంగా నియమాలు పెట్టాలన్న పాఠం ఇందులో లేదా?

ఓటమిని స్వీకరించే పాఠం కూడా అక్కడే ఉంది. దైవప్రవక్త (సఅసం) ఒంటె పేరు అజ్బా. దాన్ని ఏ ఒంటే దాటిపోలేదన్న పేరుండేది. ఒకరోజు ఒక పల్లెటూరి అరబ్బు తన ఒంటెపై వచ్చి దాన్ని దాటేశాడు. సహాబాలకు మనసు కష్టమయింది. అప్పుడు ఆయన, ఈ లోకంలో పైకి లేచిన ప్రతిదాన్నీ అల్లాహ్ ఒకనాడు కిందికి దించుతాడని వారికి బోధించారు. ఓడించినవాణ్ణి నిందించలేదు, సాకులు వెతకలేదు.

కాబట్టి ఆట వేరు, నీతి వేరు అన్న మాట చెల్లదు. ఇక క్రికెట్ విషయానికి వద్దాం. వివాదాస్పదమైన అవుట్లన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లనే వాదనలు తెగడం లేదు. మా దృష్టిలో అవి మూడు రకాలు.

మొదటి రకం: సత్యాన్ని దాచడం

బంతి బ్యాట్ అంచుకు తగిలింది. కీపర్ పట్టాడు. అంపైర్‌కు అది తెలియలేదు. బ్యాట్స్‌మన్‌కు మాత్రం తెలుసు. అతడు ఏం చేయాలి?

2003 ప్రపంచకప్ సెమీఫైనల్ పోర్ట్ ఎలిజబెత్‌లో జరిగింది. శ్రీలంక బౌలర్ అరవింద డిసిల్వా బంతికి ఆస్ట్రేలియా ఆటగాడు ఆడం గిల్‌క్రిస్ట్ క్యాచ్ ఇచ్చాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. అయినా గిల్‌క్రిస్ట్ తనంతట తానే నడిచి వెళ్ళిపోయాడు. పదేళ్ళ తర్వాత 2013 జూలైలో, ట్రెంట్‌బ్రిడ్జ్ టెస్టులో ఇంగ్లండ్ ఆటగాడు స్టూవర్ట్ బ్రాడ్ బ్యాట్‌కు బంతి గట్టిగా తగిలింది. అది కీపర్ గ్లోవ్స్‌ను తాకి స్లిప్‌లో ఉన్న క్లార్క్ చేతికి చేరింది. అంపైర్ అలీమ్ దార్ నాటౌట్ అన్నాడు. ఆస్ట్రేలియాకు అప్పటికే రివ్యూలు అయిపోయాయి. బ్రాడ్ కదలకుండా నిలబడ్డాడు. అప్పుడు అతని స్కోరు 37, చివరకు చేసింది 65. ఇంగ్లండ్ ఆ టెస్టును 14 పరుగుల తేడాతో గెలిచింది.

బ్రాడ్ నియమాన్ని ఉల్లంఘించలేదు. తీర్పు చెప్పడం అంపైర్ పని, బ్యాట్స్‌మన్ పని కాదు. ఈ వాదనలో బలం లేకపోలేదు. కాని దైవప్రవక్త (సఅసం) తమ వద్దకు వచ్చిన ఇద్దరు కక్షిదారులకు చేసిన హెచ్చరికను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తానూ మనిషినేనని, ఒకరి వాదనా పటిమను బట్టి తన తీర్పు వారికి అనుకూలంగా రావచ్చునని ఆయన అన్నారు. అలా సోదరుని హక్కు తన చేతికి వచ్చినా, అది అగ్నికణమని తెలుసుకొని తీసుకోకూడదని చెప్పారు. న్యాయమూర్తి తీర్పు వివాదాన్ని ముగిస్తుంది. జరిగిన నిజాన్ని మార్చలేదు. సాక్షాత్తు దైవప్రవక్త తీర్పు విషయంలోనే ఇలా ఉంటే, ఒక అంపైర్ వేలు ఎత్తకపోవడం మన అంతరాత్మకు నిర్దోషిత్వ పత్రం ఎలా అవుతుంది?

అయితే ఇక్కడ కూడా మెట్లున్నాయి. మౌనంగా నిలబడటం ఒక మెట్టు. బంతి ప్యాడ్‌కు తగిలినట్టు నటిస్తూ ప్యాడ్ రుద్దుకోవడం అంతకంటే కింది మెట్టు. అది నోటితో కాకపోయినా చేతితో చెప్పిన అబద్ధం. నేలను తాకిన బంతిని తెలిసి కూడా క్యాచ్ అని ప్రకటించడం, అవుట్ కాదని తెలిసీ గొంతు చించుకొని అప్పీలు చేయడం అన్నిటికంటే కింది మెట్టు. అది తప్పుడు సాక్ష్యం. తప్పుడు సాక్ష్యం షరీఅత్‌లో మహాపాపాల జాబితాలో ఉంది.

సాక్ష్యం మీద నమ్మకం పోతే ఏమవుతుందో 2008 జనవరిలో సిడ్నీ టెస్టు చూపించింది. సందేహాస్పదమైన క్యాచ్‌లలో ఫీల్డర్ మాటను అంగీకరించాలని ఇరు జట్ల కెప్టెన్లు అనిల్ కుంబ్లే, రికీ పాంటింగ్ ముందే అనుకున్నారు. చివరి రోజు సౌరవ్ గంగూలీ ఇచ్చిన క్యాచ్‌ను మైకేల్ క్లార్క్ స్లిప్‌లో నేలకు అతి సమీపంలో పట్టాడు. అంపైర్ పాంటింగ్‌ను అడిగాడు. అతడు అవుట్ అన్నాడు, అంపైర్ అదే తీర్పు ఇచ్చాడు. ఆ బంతి నేలను తాకిందా లేదా అన్నది అల్లాహ్‌కు తెలుసు. మేము ఎవరి మనసులోకీ తొంగిచూడబోము. కాని ఆ టెస్టు ముగిసేసరికి రెండు జట్ల మధ్య మాట మీద గురి పోయింది. నమ్మకం పోయినచోట కెమెరాలు పెట్టుకోవలసి వస్తుంది. నమ్మకాన్ని మాత్రం ఏ కెమెరా తిరిగి తేలేదు.

ఈ సందర్భంలో గుండప్ప విశ్వనాథ్‌ను తలచుకోవడం న్యాయం. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండ్‌తో జరిగిన స్వర్ణోత్సవ టెస్టుకు ఆయన కెప్టెన్. ఇంగ్లండ్ ఐదు వికెట్లు కోల్పోయి కష్టాల్లో ఉంది. బాబ్ టేలర్‌ను కీపర్ క్యాచ్‌గా అంపైర్ అవుటిచ్చాడు. బంతి బ్యాట్‌కు తగలలేదని స్లిప్‌లో ఉన్న విశ్వనాథ్‌కు అనిపించింది. ఆయన టేలర్‌ను వెనక్కు పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. భారత్ 10 వికెట్ల తేడాతో ఓడింది. దీన్ని లోకం ఔదార్యమని మెచ్చుకుంది. మేము ఇంకో మాట అంటాం. అది ఔదార్యం కాదు, అమానత్‌ను తిరిగి ఇవ్వడం. తనది కాని వికెట్‌ను ఆయన తీసుకోలేదు. ఔదార్యం అనేది తనదైన దాన్ని వదులుకోవడంలో ఉంటుంది. ఈ తేడా ముందు ముందు మనకు అవసరమవుతుంది.

రెండవ రకం: హద్దు దాటినవాణ్ణి పట్టుకోవడం

బౌలర్ బంతి వేయక ముందే అవతలి కొసన ఉన్న నాన్ స్ట్రైకర్ క్రీజు వదిలి ముందుకు జరుగుతాడు. బౌలర్ బెయిల్స్ పడగొడతాడు. 1947 డిసెంబర్‌లో సిడ్నీ టెస్టులో వినూ మన్కడ్ ఆస్ట్రేలియా ఆటగాడు బిల్ బ్రౌన్‌ను ఇలాగే రనౌట్ చేశాడు. అంతకు కొన్ని వారాల ముందు ఒక పర్యాటక మ్యాచ్‌లో అతణ్ణి ముందు హెచ్చరించాడు, తర్వాత అవుట్ చేశాడు. అయినా బ్రౌన్ తీరు మారలేదు. మన్కడ్‌ను తప్పుపట్టడానికి వీల్లేదని ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మన్ స్వయంగా రాశాడు. అంత జరిగినా దశాబ్దాల పాటు ఈ విధమైన అవుట్‌ను మన్కడ్ పేరుతోనే పిలిచారు. హద్దు దాటినవాడి పేరు మరుగున పడింది, పట్టుకున్నవాడి పేరు నిందగా మారింది. సునీల్ గవాస్కర్ వంటివారు ఈ పిలుపుపై అభ్యంతరం చెప్పడం సమంజసమే.

2019 మార్చి 25న జైపూర్‌లో ఐపీఎల్ మ్యాచ్‌లో అశ్విన్ జోస్ బట్లర్‌ను ఇలా అవుట్ చేశాడు. 2022 సెప్టెంబర్ 24న లార్డ్స్‌లో దీప్తి శర్మ చార్లీ డీన్‌ను ఇలాగే చివరి వికెట్‌గా పంపింది. భారత్ 16 పరుగులతో గెలిచింది. రెండుసార్లూ తీవ్రమైన రగడ జరిగింది. ఆ తర్వాతి వారంలోనే, 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమావళిలో ఎంసీసీ ఈ అంశాన్ని 'అనుచితమైన ఆట'కు సంబంధించిన 41వ నియమం నుంచి తీసి, రనౌట్‌కు సంబంధించిన 38వ నియమంలో చేర్చింది. ఆ మార్పును అదే ఏడాది మార్చిలోనే ప్రకటించారు.

మా అభిప్రాయంలో ఈ మార్పు సరైనది. ఎందుకంటే ఇక్కడ హద్దు దాటినవాడు ఊరికే దాటలేదు. పిచ్ పొడవు 22 గజాలు. అందులో అతడు ఒక గజం ముందుగానే సంపాదించుకున్నాడు. రనౌట్లు అంగుళాల తేడాతో తేలే ఆటలో గజం చిన్నదేమీ కాదు. పక్కవాడి నేలను జానెడు కలుపుకున్నా పరలోకంలో అది మెడకు చుట్టుకుంటుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. పొలం గట్టు జరిపినవాణ్ణి వదిలేసి, గట్టు దగ్గర కాపలా కాసినవాణ్ణి తిట్టడం ఎక్కడి న్యాయం? ముందు ఒకసారి హెచ్చరించడం మంచిదే, అది అందమైన నడవడి. కాని హెచ్చరించనంత మాత్రాన బౌలర్ దోషి కాడు.

మూడవ రకం: హక్కు ఉంది, కాని...

ఇక అసలు చిక్కు ఇక్కడుంది. అవతలివాడు ఏ లాభమూ దోచుకోలేదు. ఏదో పొరపాటు జరిగింది, లేదా ఆపద వచ్చింది. నియమం మాత్రం మన పక్షాన ఉంది.

2023 నవంబర్ 6న ఢిల్లీలో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లో శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ క్రీజులోకి వచ్చాడు. హెల్మెట్ పట్టీ తెగిపోయింది. మరో హెల్మెట్ తెమ్మని సైగ చేశాడు. బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్ అప్పీలు చేశాడు. రెండు నిమిషాల్లో బంతిని ఎదుర్కొనేందుకు సిద్ధం కావాలన్నది ఆ టోర్నీ నియమం. అంపైర్ అవుటిచ్చాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో ఒక ఆటగాడు 'టైమ్డ్ అవుట్' కావడం అదే మొదటిసారి. పట్టీ తెగకముందే గడువు దాటిందని అధికారులన్నారు, కాదని మాథ్యూస్ వాదించాడు. అప్పీలు వెనక్కు తీసుకొమ్మని అడిగినా షకీబ్ ఒప్పుకోలేదు. తానొక యుద్ధంలో ఉన్నట్టు భావించానని, జట్టు గెలుపు కోసం నియమంలో ఉన్నది చేశానని తర్వాత చెప్పాడు. బంగ్లాదేశ్ మూడు వికెట్ల తేడాతో గెలిచింది. మ్యాచ్ ముగిశాక రెండు జట్లూ చేతులు కలపలేదు.

షకీబ్ చేసింది నియమ విరుద్ధం కాదు, అబద్ధమూ కాదు. కనుక అతణ్ణి పాపి అనే అధికారం ఎవరికీ లేదు. కాని యుద్ధంతో పోలికను మేము అంగీకరించలేం. మన ధర్మంలో నిజమైన యుద్ధానికే హద్దులున్నాయి. మరి ఆటకు లేకుండా ఎలా పోతాయి?

దివ్య ఖుర్ఆన్ అన్ నహ్ల్ సూరాలో అల్లాహ్ న్యాయాన్ని, దానితో పాటు ఇహ్సాన్‌ను ఆదేశించాడు. అద్ల్ అంటే ఎవరికి రావలసింది వారికివ్వడం. ఇహ్సాన్ అంటే తనకు రావలసినదానిలో కొంత వదులుకోవడం. ఇమామ్ గజాలీ (రహ్మలై) వ్యాపార నీతిని వివరిస్తూ అద్ల్‌ను మూలధనంతోను, ఇహ్సాన్‌ను లాభంతోను పోల్చారు. మూలధనం మాత్రమే కాపాడుకున్నవాడు నష్టపోలేదు నిజమే. కాని వ్యాపారం చేసినవాడు అంతటితో తృప్తిపడతాడా?

అల్ బఖరా సూరాలో బాకీదారు గురించిన ఆదేశాన్నే తీసుకోండి. ఇబ్బందిలో ఉంటే గడువు ఇవ్వమని, పూర్తిగా వదిలేస్తే అది మరింత మేలని అందులో ఉంది. బాకీ బాకీయే, హక్కు హక్కే. కాని తప్పించుకు తిరిగేవాడు వేరు, చేతిలో లేక ఆగిపోయినవాడు వేరు. క్రీజు వదిలి గజం దొంగిలించినవాడు మొదటివాడి వంటివాడు. హెల్మెట్ పట్టీ తెగినవాడు రెండవవాడి వంటివాడు.

దీనికి భిన్నమైన ఉదాహరణలూ ఉన్నాయి. 2011 జూలై 31న ట్రెంట్‌బ్రిడ్జ్‌లో ఇయాన్ బెల్ 137 పరుగుల వద్ద ఉన్నాడు. బంతి బౌండరీ దాటిందనుకొని టీ విరామానికి బయలుదేరాడు. భారత ఫీల్డర్లు బెయిల్స్ తీశారు, నియమం ప్రకారం అవుటే. విరామంలో ధోనీ అప్పీలు వెనక్కు తీసుకున్నాడు. బెల్ తిరిగి వచ్చి 159 చేశాడు. భారత్ ఆ టెస్టు ఓడింది.

ఇంకొక ఉదాహరణను మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో ఒమన్‌లో నేపాల్, ఐర్లండ్ టీ20 ఆడుతున్నాయి. పరుగు తీస్తున్న ఐర్లండ్ ఆటగాడు ఆండీ మెక్‌బ్రైన్‌ను నేపాల్ బౌలర్ అనుకోకుండా ఢీకొన్నాడు. అతడు కిందపడ్డాడు. బంతి కీపర్ ఆసిఫ్ షేక్ చేతికి చేరింది. బెయిల్స్ తీస్తే అవుట్. ఆసిఫ్ షేక్ తీయలేదు, ఊరుకున్నాడు. ఆ మ్యాచ్‌లో నేపాల్ ఓడింది. ఐసీసీ ఆ ఏడాది క్రీడాస్ఫూర్తి పురస్కారాన్ని అతనికే ఇచ్చింది. పెద్ద జట్టు కాదు, పెద్ద పేరు కాదు. ఆలోచించుకోవడానికి టీ విరామమూ లేదు. ఒక్క క్షణంలో చేయి ఆగింది. ముందునుంచీ అలవాటున్న గుణమే అలాంటి క్షణంలో బయటపడుతుంది.

ఇతరుల హక్కును దానం చేయవచ్చా?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయకూడదు. 1987 ప్రపంచకప్‌లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ తలపడ్డాయి. చివరి బంతికి రెండు పరుగులు కావాలి, చేతిలో ఒక్క వికెట్ ఉంది. నాన్ స్ట్రైకర్ సలీమ్ జాఫర్ ముందే క్రీజు వదిలాడు. బౌలర్ కోర్ట్నీ వాల్ష్ ఆగాడు. అవుట్ చేస్తే మ్యాచ్ వెస్టిండీస్‌దే. కాని అతడు అవుట్ చేయకుండా వెనక్కు వెళ్ళి మళ్ళీ బంతి వేశాడు. అబ్దుల్ ఖాదిర్ ఆ రెండు పరుగులూ తీశాడు. అంతకుముందు మూడు ప్రపంచకప్‌లలోనూ ఫైనల్ ఆడిన వెస్టిండీస్ ఈసారి సెమీఫైనల్‌కు కూడా చేరలేదు.

వాల్ష్‌ను లోకమంతా పొగిడింది. కాని ఆ గెలుపు అతనొక్కడి సొత్తా? మిగతా పదిమంది శ్రమ కూడా అందులో ఉంది. అనాథ ఆస్తికి సంరక్షకుడిగా ఉన్నవాడు ఆ ఆస్తిని దానం చేయలేడు. తన జేబులోంచి చేయవచ్చు, అమానత్‌లోంచి చేయడానికి వీల్లేదు. మరి కెప్టెన్ అయినా, బౌలర్ అయినా జట్టు హక్కును ఎలా వదులుతాడు?

ఈ అభ్యంతరానికి మా జవాబు ఇది. ఫిఖహ్‌లో ఉర్ఫ్‌కు, అంటే నలుగురూ అంగీకరించి నడుచుకునే వాడుకకు, విలువ ఉంది. మొదటిసారి హెచ్చరించి వదలాలన్నది ఆనాటి ఆటగాళ్ళలో చాలామంది పాటించిన వాడుక. ఆ వాడుక తెలిసే జట్టంతా మైదానంలోకి దిగింది. కనుక వాల్ష్ అమానత్‌కు ద్రోహం చేయలేదు. కాని వాడుక మారిన నేటి రోజుల్లో ఒకడు తనంతట తాను నిర్ణయం తీసుకొని జట్టును ముంచడం కంటే, ఏ సందర్భంలో ఏం చేయాలో జట్టంతా ముందే కూర్చొని అనుకోవడం మేలు. షూరా అంటే అదే. తన హక్కును వదలడం ఇహ్సాన్. అందరి హక్కును వదలాలంటే అందరి సమ్మతి కావాలి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. చప్పట్ల కోసం వదలడం ఇహ్సాన్ కాదు, అది రియా.

రెండు తూకాలు

ఈ వివాదాలన్నిటిలో అన్నిటికంటే చెడ్డది అవుట్ కాదు, ఆ తర్వాత జరిగే తంతు. 2023 జూలై 2న లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఆటగాడు జానీ బెయిర్‌స్టో ఓవర్ అయిపోయిందనుకొని క్రీజు వదిలాడు. ఆస్ట్రేలియా కీపర్ అలెక్స్ క్యారీ బంతిని వికెట్లకు విసిరాడు. కెప్టెన్ కమిన్స్ అప్పీలును వెనక్కు తీసుకోలేదు. ఇంగ్లండ్ శిబిరం ఆటస్ఫూర్తి పోయిందని బాధపడింది. లాంగ్ రూమ్‌లో సభ్యులు ఆస్ట్రేలియా ఆటగాళ్ళను దూషించారు. వారిలో ఉస్మాన్ ఖ్వాజా కూడా ఉన్నాడు. ఎంసీసీ ముగ్గురు సభ్యులను సస్పెండ్ చేసింది.

ఆనాడు ఇంగ్లండ్ కోచ్ బ్రెండన్ మెకల్లమ్. 2006 డిసెంబర్‌లో క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ కీపర్‌గా ఉన్నప్పుడు ఆయనే మురళీధరన్‌ను రనౌట్ చేశాడు. సెంచరీ పూర్తి చేసిన సంగక్కరను అభినందించడానికి మురళీధరన్ క్రీజు వదిలిన క్షణమది. ఆయన 2016లో లార్డ్స్‌లో చేసిన ప్రసంగంలో దానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణను మేము గౌరవిస్తున్నాం. మనిషి మారవచ్చు, మారాలి. కాని మన పక్షం నష్టపోయినప్పుడు మాత్రమే స్ఫూర్తి గుర్తుకు రావడం, మన పక్షం లాభపడినప్పుడు నియమం గుర్తుకు రావడం ఒక జబ్బు. తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని దివ్య ఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ అని హెచ్చరించింది. ఆ హెచ్చరిక తక్కెడకు మాత్రమే పరిమితం కాదని వ్యాఖ్యాతలు చెప్పారు. మన తీర్పులకూ అది వర్తిస్తుంది.

ఈ జబ్బు మనలో ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. అశ్విన్‌ను సమర్థించిన నోటితోనే క్యారీని తిట్టామా? బెల్‌ను వెనక్కు పిలిచినందుకు మురిసిపోయి, మాథ్యూస్‌ను పంపించినందుకు కూడా చప్పట్లు కొట్టామా? జట్టును బట్టి, దేశాన్ని బట్టి, మతాన్ని బట్టి మన తీర్పు మారుతుంటే లోపం ఆటలో లేదు, మన తూకంలో ఉంది. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదన్న భావం అల్ మాయిదా సూరాలో ఉంది. ద్వేషానికి ఉన్న నిషేధమే అభిమానానికీ ఉందని మనం మరచిపోతున్నాం.

మన ఇళ్ళలో

తల్లిదండ్రులకు మేము చేసే మనవి ఇది. పిల్లలతో కూర్చొని మ్యాచ్ చూసేటప్పుడు ఎవరు గెలిచారని మాత్రమే అడగకండి. అతడు చేసింది నిజమేనా, న్యాయమేనా, ఇంకా మంచి దారి ఉందా అని అడగండి. ఈ మూడు ప్రశ్నలు వరుసగా అడగాలి. అబద్ధంతో తీసుకున్నది మనది కాదు. న్యాయంగా వచ్చినదాన్ని తీసుకోవడం తప్పు కాదు. వదిలిపెడితే మేలయ్యే చోట వదలగలగడం అన్నిటికంటే ఎత్తయిన మెట్టు.

గల్లీలో ఆడే పిల్లలకు అంపైర్ ఉండడు, కెమెరాలు ఉండవు. బంతి బ్యాట్‌కు తగిలిందో లేదో ఆడినవాడికే తెలుసు. అక్కడ "తగిలింది, నేను అవుట్" అని బ్యాట్ కింద పెట్టే పిల్లవాడు రేపు దుకాణంలో కూర్చున్నా, కోర్టులో నిలబడినా, అన్నదమ్ములతో ఆస్తి పంచుకున్నా ఆ మాటే చెబుతాడు. ఏ అంపైర్ కంటా పడనిది కూడా అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ వాడిలో పాతుకుపోతే, వాడు ఆటలో ఎన్నిసార్లు ఓడినా నష్టం లేదు.

అల్లాహ్ మనకు న్యాయంగా నడిచే ధైర్యాన్ని, హక్కు ఉన్నచోట కూడా వదలగలిగే విశాల హృదయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్!